మైకు ఆగిన గల్లీ

నిన్న సాయంత్రం పద్మారావు నగర్‌లో మా అక్క ఇంటికి నడిచి వెళుతుంటే, గల్లీ మొదట్లో కిరాణా దుకాణం దాటి లోపలికి మలుపు తిరిగిన చోట, చొక్కా జేబులో ఫోను కదిలింది. తీసి చూశాను. పెద్ద రోడ్డు మీద ఈ మధ్య తెరిచిన బట్టల దుకాణం వాళ్లు పంపిన మాట అది. మీరు మాకు చాలా దగ్గరలో ఉన్నారు, ఒక్కసారి వచ్చి చూడండి అని ఉంది. ఇలాంటివి రోజూ వస్తూనే ఉంటాయి. మందుల దుకాణం ముందు ఆగితే మందుల సంగతి, మోండా మార్కెట్ వైపు వెళితే మిక్సీల సంగతి చెబుతుంటాయి, నా ఈడు వాళ్లందరిలాగే నేనూ చదవకుండా వేలితో పక్కకు తోసేస్తుంటాను. నిన్న మాత్రం తోయలేకపోయాను. ఫోను చేతిలో పట్టుకుని ఆ మలుపులోనే కాసేపు నిలబడిపోయాను. మా బావ దినాలు పూర్తయ్యాక నేను ఆ గల్లీలోకి వెళ్లడం అదే మొదటిసారి.

బావ అంటే మా అక్క భర్త. మైకు ప్రచారం చేసేవాడు. ఇప్పటి పిల్లలకైతే ఈ పని ఏమిటో వివరించి చెప్పాలి గానీ, సికింద్రాబాద్ గల్లీలలో పెరిగిన నా తోటి వాళ్లకు అక్కర్లేదు. రిక్షా మీద ముందుకొకటి వెనక్కొకటి రెండు మైకు బూరలు, సీటు కింద బ్యాటరీ, దాని పక్కన గుడ్డ కప్పిన యాంప్లిఫయర్, రెండు వైపులా రంగు అక్షరాల గుడ్డ బ్యానర్లు, లోపల మైకు పట్టుకుని ఒక మనిషి. కొత్త దుకాణం తెరిచినా, సినిమా మారినా, దసరాకు బట్టల ధర తగ్గినా ఆ కబురు ముందు ఈ రిక్షా మీదే వచ్చేది. తరువాత రిక్షా పోయి ఆటో వచ్చింది. అప్పట్లో కబురు చెప్పడానికి వేరే దారులూ లేకపోలేదు. రైలు పట్టాల పక్క గోడలన్నీ సున్నం కొట్టి పెద్ద అక్షరాలు రాసేవారు, సినిమాలో ఇంటర్వెల్ కాగానే తెర మీద గాజు పలకల బొమ్మలు వేసేవారు. ఒక టైలరు దుకాణం పలకను ఆపరేటరు ఎప్పుడూ తలకిందులుగానే పెట్టేవాడు, హాలంతా నవ్వేది, ఆ నవ్వు వల్లనే ఆ టైలరు పేరు ఊరంతటికీ తెలిసింది. కానీ గోడ దగ్గరికి మనం వెళ్లాలి, సినిమాకు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లాలి. మైకు ఒక్కటే మన గడప దాకా తనంత తాను వచ్చేది.

డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, పగలంతా గ్రంథాలయంలో కూర్చుని పుస్తకాలు చదువుకుంటున్న రోజుల్లో అక్క నా మీద విసుక్కుని, ఆ చదివేదేదో మైకులో చదువు, నలుగురికీ వినబడుతుంది అని బావ వెంట పంపింది. తరువాత నాకు రైల్వేలో గుమాస్తా పని దొరికే దాకా ఆ మైకు పట్టుకున్నాను. మొదటి రోజున చీరల దుకాణం కోసం నేను ఒక ప్రకటన రాసుకుపోయాను. అందులో ఇంద్రధనుస్సు ఉంది, వెన్నెల ఉంది, ఇంకా ఏమేమో ఉన్నాయి. బావ చివరి దాకా ఓపిగ్గా విని, వెన్నెల దుకాణంలో అమ్ముతారా అని అడిగాడు. ఏం దొరుకుతుంది, ఎక్కడ దొరుకుతుంది, ఎప్పటి దాకా దొరుకుతుంది, ఈ మూడూ చెబితే చాలన్నాడు. మిగతావన్నీ నేనే కొట్టేశాను. ఆ తరువాత ఏది రాసినా నాకు ఆ అలవాటు పోలేదు.

బావతో తిరగడం మొదలుపెట్టాకే మైకు పనిలో మాట్లాడడం ఎంతో ఆపడమూ అంతేనని నాకు తెలిసింది. బడి పక్కన వెళ్లేటప్పుడు గొంతు తగ్గించాలి. నమాజు వేళకు మసీదు వీధిలో, పూజ వేళకు గుడి ముందు ఆపాలి. ఇవి అందరు మైకుల వాళ్లూ పాటించేవే. బావకు ఇంకొక నియమం ఉండేది, దాన్ని ఆయనంత గట్టిగా పట్టుకున్న వాళ్లు వేరే ఎవరూ నాకు కనబడలేదు. గల్లీ మొదట్లో రిక్షా తిప్పేటప్పుడు ఆయన చూపు ముందుగా నేల మీద ఉండేది. మనిషి పోయిన ఇంటి ముందు నిప్పు వేస్తారు కదా, ఆ పొగ ఎక్కడైనా కనిపిస్తుందేమోనని చూసేవాడు. కనిపించిందంటే నా చేతి మీద మెల్లగా తట్టేవాడు. మైకు ఆగిపోయేది. బావ రిక్షా దిగి, తొక్కే మనిషి పక్కన తానూ ఒక చెయ్యి వేసి, శబ్దం లేకుండా తోసుకుంటూ ఆ గల్లీ దాటించేవాడు. ఆ ఒక్క ఇంటి ముందే కాదు, గల్లీ మొత్తం. ఆ ఒక్క రోజే కాదు, దినాలయ్యే దాకా.

ఈ సంగతి చిలకలగూడ నుంచి బన్సీలాల్‌పేట దాకా జనానికి ఎంత తెలిసిపోయిందంటే, బావ మైకు ఉన్నట్టుండి ఆగితే పక్క గల్లీల ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి గడపల్లోకి వచ్చేవారు. ఎవరు పోయారని ఒకరినొకరు అడిగేవారు. అట్లా మైకు ఆగడం వల్లనే ఒక ఇంటి దుఃఖం నాలుగు గల్లీలకు తెలిసేది, నిమిషాల్లో మనుషులు చేరేవారు. ఒకసారి వారాసిగూడలో బ్యాటరీ తీగ ఊడి మైకు దానంతట అదే ఆగిపోయింది. ఆ గల్లీలో ఒక ముసలమ్మ చాలా కాలంగా మంచం మీద ఉంది. ఇంకేముంది, ఆమే అయి ఉంటుందని నలుగురూ కళ్లొత్తుకుంటూ ఆ ఇంటి ముందుకు వచ్చేశారు. ఒకాయన లోపలికి వెళ్లి ఆమె కొడుకును కావలించుకోవడానికి చేతులు కూడా చాపాడట. ఇంతలో ఆ ముసలమ్మ మనవరాలి భుజం పట్టుకుని గడప దాకా వచ్చి, రిక్షా వైపు చూసి, “నేనింకా పోలేదు గని, నీ మైకు నువ్వు కొట్టుకో బిడ్డా” అంది. బావ ఆమెకు రెండు చేతులూ ఎత్తి మొక్కి, అప్పటికప్పుడు తీగ బిగించి, ఆ ఒక్క గల్లీలో ప్రకటన రెండుసార్లు చదివించాడు.

ఆ నియమానికి ఒకసారి బావ పెద్ద ధర చెల్లించాల్సి వచ్చింది. జనరల్ బజార్‌లో ఒక బట్టల దుకాణం సేటు దసరా ముందు పని మొత్తం మాకే ఇచ్చాడు. ఏడాదంతా చిన్నాచితకా పనులతో నెట్టుకొచ్చే మాకు ఆ ఒక్క పండుగ పనే ఆధారం. ఆ సేటు చెడ్డవాడేమీ కాదు. అప్పు తెచ్చి సరుకు నింపుకున్న మనిషి, భయం ఉంటుంది. అందుకే మైకు నిజంగా తిరుగుతున్నదో లేదో చూడడానికి స్కూటరు మీద వెనకాలే వచ్చి, ఏదో ఒక చాయ్ హోటల్లో కూర్చుని చెవి ఒగ్గి వినేవాడు. ఆ రోజు ఆయన ఎంచుకున్నది సీతాఫల్‌మండిలో ఒక గల్లీ, ఆయన దుకాణానికి మంచి గిరాకీ వచ్చే చోటు. మేము అక్కడికి చేరేసరికి రెండో ఇంటి ముందు కట్టెల నుంచి పొగ లేస్తోంది. మైకు ఆపి తోసుకుంటూ వెళుతున్నాం. సేటు హోటల్లోంచి లేచి వచ్చి రిక్షాకు అడ్డంగా నిలబడ్డాడు.

“ఏందయ్యా, మైకు పండుకున్నదా?” అన్నాడు.

గల్లీలో మనిషి పోయాడని బావ తల వంచుకుని చెప్పాడు.

“పోయినోడు నా దుకాణానికి ఎట్లాగూ రాడు. ఉన్నోళ్లకు చెప్పు.”

“ఉన్నోళ్లకే ఇయ్యాల చెప్పొద్దు సేటూ” అన్నాడు బావ.

సేటు అరవలేదు. పొగ వైపు ఒకసారి చూశాడు, స్కూటరు ఎక్కి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున మేము దుకాణం ముందుకు వెళ్లేసరికి అక్కడ వేరే రిక్షా నిలబడి ఉంది, దానికి మా బ్యానర్లే కట్టి ఉన్నాయి. ఆ దసరాకు మాకు ఇంకొక పని దొరకలేదు. ఇంట్లో అక్క చాలా బాధపడింది. ఆ పోయిన మనిషి మనకు చుట్టమా పక్కమా, ఆ ఇంటి వాళ్లు నిన్ను ఆపమని అడిగారా, ఒక్క గల్లీలో గొంతు తగ్గించి చదివితే ఏం పోయేది అని నిలదీసింది. బావ కంచం ముందుకు లాక్కున్నాడు. భోజనం అయ్యాక, అక్కకు కాదు నాకు చెబుతున్నట్టుగా అన్నాడు.

“మనం పిలువకుండ ఇంట్లకు పోయేటోళ్లం బామ్మర్దీ. తలుపు కొట్టం, చెప్పులిడువం, సక్కగ లోపటికి పోతం. ఎప్పుడు పోవద్దో గదన్న తెల్వకుంటే ఎట్ల?”

అక్క ఆ తరువాత ఎప్పుడూ ఆయనను ఆ విషయంలో ఏమీ అనలేదు. పైగా తన చెవి కూడా అటే మళ్లింది. వంటింట్లో ఉండి, దూరంగా వినిపించే మైకు ఆగిందంటే, చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని, అది మళ్లీ ఎప్పుడు మొదలవుతుందా అని వింటూ నిలబడేది.

తరువాతి సంగతులు మీకూ తెలిసినవే. క్యాసెట్లు వచ్చాయి, మనిషి గొంతు అక్కర లేకపోయింది. రోడ్ల మీద ఇనుప స్తంభాలెక్కి పెద్ద బొమ్మలు వెలిశాయి. టీవీలో అడుగున అక్షరాలు పరుగెత్తాయి. పొద్దున పేపరు విప్పితే కరపత్రాలు రాలాయి. మైకుకు అనుమతులు కష్టమయ్యాయి. గుప్పెడు పనులు మిగిలితే బావ వాటినీ చేశాడు, చివరికి అవీ లేక ఒక రోజు యాంప్లిఫయర్‌ను తుడిచి, పాత చీరలో చుట్టి అటక మీద పెట్టాడు. అప్పటికి వాళ్ల కొడుకు చదువు పూర్తి చేసుకుని మాదాపూర్ వైపు ఒక ఆఫీసులో చేరాడు. ఏం పని అని అడిగితే ప్రచారమే మామా అన్నాడు. బావకు మొదట అది సరదాగానే అనిపించింది. కొడుకు సెలవు రోజున ఫోనులో మ్యాపు తెరిచి తండ్రికి చూపించాడు. దుకాణం ఇక్కడ ఉంది, దాని చుట్టూ ఇట్లా ఒక గీత గీస్తాం, ఆ గీత లోపలికి ఎవరు ఫోనుతో అడుగుపెడితే వాళ్లకు దుకాణం మాట చేరుతుంది అని చెప్పాడు. బావ కళ్లద్దాలు సర్దుకుని ఆ మ్యాపులో తనకు తెలిసిన గల్లీలను వేలితో వెతుక్కున్నాడు. అంటే ఇది కూడా గల్లీ గల్లీ తిరగడమే, ఆటో లేదంతే అన్నాడు. కొడుకు నవ్వి అంతే నాయినా అన్నాడు. బావ ఇంకొక మాట అడిగాడు.

“మరి సావైన గల్లీల గిది ఊకుంటదా?”

“దానికెట్ల తెలుస్తది నాయినా? మనిషి యాడ ఉన్నడో చూస్తది. ఎందుకున్నడో దానికేం ఎరుక?”

కొడుకు తప్పేమీ చెప్పలేదు, ఉన్నదే చెప్పాడు. బావ తల ఊపి ఫోను తిరిగి ఇచ్చేశాడు. ఆ తరువాత కొడుకు పని గురించి ఆయన అడగడం మానేశాడు. కోపం లేదు, మాటలు మానలేదు, అన్నం కలిసే తినేవారు. అయినా ఆ ఒక్క విషయం దగ్గర ఇద్దరి మధ్యా ఏదో అడ్డం పడిందని నాకు తెలుసు, అక్కకూ తెలుసు. ఒకసారి బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి ఇద్దరం కూరగాయల సంచులతో బస్సులో వస్తుంటే బావ కిటికీలోంచి చూస్తూ, మన పని మనతోనే పోయిందనుకున్నా గానీ వాడి చేతికి వచ్చింది, అయితే సగమే వచ్చింది అన్నాడు. మిగతా సగం ఏమిటో నేను అడగలేదు, అడగాల్సిన అవసరం లేకపోయింది.

బావ ఈ దసరా ఇంకా మూడు వారాలుందనగా పోయాడు. గుండె ఆగింది, పెద్దగా బాధపడలేదు. గల్లీలో షామియానా వేశారు, ఇంటి ముందు నిప్పు వేశారు, ముందు గదిలో ఆయనను పడుకోబెట్టి తల దగ్గర దీపం పెట్టారు. ఆయన ఫోను ఎవరో తెచ్చి ఆ పక్కనే గూట్లో ఉంచారు, చుట్టాలు దానికే చేస్తున్నారని. కుర్చీల్లో కూర్చున్న వాళ్ల జేబుల్లో ఫోన్లు అప్పుడొకటి ఇప్పుడొకటి కదులుతూనే ఉన్నాయి. తీసి చూసుకుని లోపల పెట్టుకుంటున్నారు. నాదీ కదిలింది. పెద్ద రోడ్డు మీద కొత్త బట్టల దుకాణం. ఇంతలో గూట్లో బావ ఫోను కూడా వెలిగి, చెక్క మీద గిరగిరలాడింది. చుట్టాలెవరో అనుకుని అక్క చేతిలోకి తీసుకుంది. ఆమెకు చదవడం వచ్చు. చదివి, పక్కన కూర్చున్న కొడుకు చేతిలో పెట్టింది.

“మీ నాయినను సుత రమ్మంటున్నది” అంది. కోపంగా అనలేదు, ఏడుస్తూనూ అనలేదు.

మా మేనల్లుడు దాన్ని రెండుసార్లు చదివాడు. ఆ దుకాణం పని వాళ్ల ఆఫీసుదేనని, ఆ గీత గీసింది, ఆ మాటలు రాసింది తానేనని నాకు తరువాత చెప్పాడు. అప్పుడు మాత్రం లేచి, చుట్టాలను దాటుకుంటూ మెట్ల మీదికి వెళ్లాడు. నేను వెనకాలే వెళ్లాను, పిల్లవాడు ఒంటరిగా ఏడుస్తాడేమోనని. వాడు ఏడవడం లేదు. ఆఫీసులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అవతలి మాటలు నాకు వినబడలేదు గానీ, ఇవతలి మాటల వల్లనే అర్థమవుతూ వచ్చింది. దసరా ముందు, దుకాణం కొత్తది, ఇప్పుడు గీత లోపల ఖాళీ వదిలితే దుకాణం వాళ్లు అడుగుతారని, ఏమని చెప్పాలని అవతలి మనిషి అంటున్నాడు.

“ఏమన్న చెప్పు. నా మీద చెప్పు” అన్నాడు వీడు. మళ్లీ కాసేపు విని, “ఇల్లొక్కటి కాదన్నా. గల్లీ మొత్తం తీసెయ్. ఇయ్యాల ఒక్కరోజు కాదు, దినాలయ్యేదాక” అన్నాడు.

ఆ రెండు మాటలూ వాడికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. పసితనంలో ఆటోలో తండ్రి పక్కన కూర్చుని విన్నవే అయి ఉంటాయి. వాడు ఫోను జేబులో పెట్టుకుని నా వైపు చూసి, ఆగింది మామా అన్నాడు. లోపలికి వెళ్లి తండ్రి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. దాని తరువాత ఆ ఇంట్లో ఫోన్లు మోగాయి, చుట్టాలవి, దూరం వాళ్లవి. ఆ దుకాణం మాట మాత్రం మళ్లీ రాలేదు. షామియానా కింద కూర్చున్న వాళ్లెవరూ అది గమనించలేదు. రానిదాన్ని ఎవరు గమనిస్తారు?

నిన్న గల్లీ మలుపులో ఫోను కదిలినప్పుడు నేను నిలబడిపోయింది అందుకే. దినాలయ్యాయి, వాడు గీత మళ్లీ కలిపాడు. బావ కూడా అట్లాగే, దినాలు పూర్తయిన మర్నాడే ఆ గల్లీలోకి మైకుతో వెళ్లి, ఎప్పటి గొంతుతోనే చదివించేవాడు. బతికిన వాళ్లకు పండుగ ఉంటుంది, బట్టలు కావాలి.

అక్క మెట్ల మీద కూర్చుని ఉంది. దూరం నుంచి నన్ను చూస్తూనే ఉందట, దగ్గరికి వెళ్లగానే అంతసేపు అక్కడ ఎందుకు నిలబడ్డావని అడిగింది. ఫోను మోగిందన్నాను. ఎవరని అడగలేదు. పక్కన పెట్టుకున్న బావ ఫోనును చేత్తో తడిమింది. ఇంకా రోజూ దానికి కరెంటు పెడుతున్నదని అప్పుడే తెలిసింది నాకు.

“ఇది సుత పొద్దున మోగింది తమ్మీ. ఇన్ని దినాలు ఊకున్నది, మల్ల షురూ అయింది. దినాలైనయని దానికెవరు చెప్పిండ్రో” అంది.

అంతమందిలో ఆ నిశ్శబ్దాన్ని విన్నది ఆమె ఒక్కతే. నీ కొడుకే ఆపాడక్కా, గల్లీ మొత్తం ఆపాడు అని చెప్పాను. మెట్ల మీద వాడు ఫోనులో అన్న మాటలు అన్నట్టుగానే చెప్పాను. అక్క బావ ఫోనును ఒళ్లోకి తీసుకుంది.

“గీ ముచ్చట మీ బావకు ఎరుకైతే మంచిగుండె” అంది.

ఇద్దరం దీపాలు పెట్టే వేళ దాకా అక్కడే కూర్చున్నాం. ఎదురింటి వాళ్లు, పక్కింటి వాళ్లు పండుగ సంచులతో వచ్చి పోతున్నారు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క ఫోను, ఒక్కొక్క దానిలో ఎవరి కబురు వారికి. పూర్వం మైకు ఆగితే నాలుగు గల్లీల మనుషులు గడపల్లోకి వచ్చి ఎవరని అడిగేవారు. మా బావ కోసం ఈ గల్లీ ఇన్ని రోజులు ఆగిందని, ఇందులో ఉన్నవాళ్లలో ఎవరికీ తెలియదు.